నేను కట్టని జాయింటు

నాలుగేళ్లుగా ఈ సంగతి చెబుతూనే ఉన్నాను. చివరిదాకా విన్నవాళ్లు ఒక్కరూ లేరు. నేను పనిచేసిన కార్ఖానా సేటుకు రెండు ఉత్తరాలు రాశాను. నాంపల్లిలోని వకీలు గారికి ఐదు రాశాను. ఆయన గుమాస్తా ఒకసారి గేటు దాకా వచ్చి, ఉత్తరం ముట్టిందని చెప్పి లోపలికి పోయాడు. ముట్టిందని నాకూ తెలుసు. అతని చేతికి ఇచ్చింది నేనే. ఒక పత్రికకు రాస్తే చోటు లేదన్నారు. అదే వారం అదే పత్రికలో పుచ్చకాయల సాగు మీద ముప్పావు పేజీ వేశారు. ఈలోగా రాజ్యమే మారిపోయింది. నా ప్రశ్నకు మాత్రం జవాబు రాలేదు.

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. ఈ మాట ముందే చెప్పకపోతే చదివేవాళ్లు నన్ను ఆ జాబితాలో వేసేస్తారు. నాది కార్లలో కరెంటు పని. దీపం తనంతట తాను వెలిగినా, హారన్ తనంతట తాను మోగినా, ఎక్కడో ఒక తీగ తొడుగు ఊడి ఉంటుంది. ఒక డాక్టరు గారి కారు వానొచ్చినప్పుడల్లా దానంతట అదే హారన్ కొడుతోందని ముందు బంపరుకు నిమ్మకాయలు కట్టారు. తడిసిన తీగ ఒకటి ఇనుముకు తగులుతోందని నేను చూపించి బాగుచేశాను. నిమ్మకాయల వల్లే బాగైందని వాళ్లు ఊరంతా చెప్పుకున్నారు. ఆ డాక్టరు గారి పేరు నాకు ఇంకా గుర్తుంది. రాయను.

మా నాయన నగలకు పట్టుదారం అల్లేవాడు. పూసలు గుచ్చడం, పతకాలకు కుచ్చులు కట్టడం ఆయన పని. ఆయన దగ్గరే నేనూ ముడి వేయడం నేర్చుకున్నాను. ఆయన పోయాక ఆబిడ్స్‌లోని ఒక కార్ల కార్ఖానాలో చేరాను. అక్కడ అందరూ రెండు తీగలు మెలిపెట్టి పైన నల్ల టేపు చుట్టేవారు. మన ఎండకు ఆ టేపు జిగురు కారి, రెండో ఏడాదికి ఊడి వేలాడుతుంది. నేను టేపు వాడలేదు. తీగలు మెలిపెట్టి, టంకంతో అతికించి, పైన నూలుదారం దగ్గరదగ్గరగా చుట్టి, చివరను చుట్ల కిందకు దూర్చి లాగి, కరిగిన లక్క పూసేవాడిని. గట్టిపడ్డాక అది గాజులా ఉంటుంది. తడి దూరదు, వేడికి జారదు.

కార్ఖానాలో దాని మీద ఎన్ని వేళాకోళాలో.

"అరే ఈశ్వరయ్యా, కారుకు పుస్తెలతాడు అల్లుతున్నవా ఏంది?" అనేవాడు ఇంజను పని చూసే గఫూర్ భాయ్. "జర జల్దీ కానీ, ముహూర్తం దాటిపోతది."

నవ్వినవాళ్లందరూ గుర్తున్నారు. కానీ ఆ జాయింటు చూస్తే చాలు, అది నాదని హైదరాబాదులో ఏ మిస్త్రీ అయినా చెప్పేవాడు. నా సంతకం లాంటిదది. ఇంకొకరెవరూ అలా కట్టరు. నేర్పమని అడిగినవాడూ లేడు.

ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది వేసవిలో నాంపల్లి నుంచి ఒక వకీలు గారు కార్ఖానాకు వచ్చారు. ఆయన అన్న కిషన్‌రావు గారు యుద్ధానికి ముందు ఏడాది కారు ప్రమాదంలో పోయారు. ఆస్తి పంపకం మీద అన్నదమ్ముల కుటుంబాల మధ్య దావా నడిచింది. కారు కూడా దావాలో ఉంది కాబట్టి, ప్రమాదం జరిగిన వారంలోనే దాన్ని లాగి వాళ్ల ఇంటి షెడ్డులో పెట్టి, తలుపుకు తాళం వేసి, తాళం మీద కోర్టువాళ్లు లక్క ముద్ర వేశారు. ఇప్పుడు రాజీ అయింది. కారు అమ్మాలి. కానీ కిషన్‌రావు గారి భార్య రుక్మాబాయమ్మ ఒక పట్టు పట్టారట. ఆ సాయంత్రం దీపాలు ఎందుకు ఆరిపోయాయో తేల్చి చెప్పేదాకా కారు గడప దాటనివ్వనని.

సేటు నన్నూ గఫూర్ భాయ్‌నీ పంపాడు.

ఉదయం పది గంటలకు వెళ్లాం. స్టేషను వెనక వీధిలో పాత రెండంతస్తుల ఇల్లు. వరండాలో రుక్మాబాయమ్మ గారు నిలబడి ఉన్నారు. నలభై దాటిన మనిషి. ఆమె నా ముఖం చూడలేదు, పనిముట్ల పెట్టె పట్టుకున్న నా కుడిచేతిని చూశారు.

"ఇన్ని దినాలకు వచ్చినవా, మిస్త్రీ?" అన్నారు.

నాకు మండింది. కబురు వచ్చింది ముందురోజు సాయంత్రం. "నిన్ననే చెప్పిన్రు గదమ్మా, ఇయ్యాల వచ్చినం," అన్నాను. ఆమె అన్న మాటను మనసులో పెట్టుకోమని చదివేవాళ్లను అడుగుతున్నాను. అప్పటికి ఇంకా షెడ్డు తలుపు కూడా తీయలేదు.

ముద్రను నా కళ్ల ముందే పగలగొట్టారు. కోర్టు అమీను వచ్చి, ముద్ర చెక్కుచెదరలేదని చూసి, కాగితం మీద రాసుకున్నాడు. తలుపు తీస్తే లోపల గాలి కూడా పాతదే అనిపించింది. నాలుగు టైర్లూ నేలకు అంటుకుపోయాయి. వెనక సీటులో ఎలుకలు కాపురం పెట్టాయి. బానెట్టు మీద దుమ్ము వేలు మందాన ఉంది, దాని మీద ఒక్క చేతి గుర్తు లేదు. డాష్‌బోర్డు పలకను పట్టి ఉంచే నాలుగు స్క్రూలూ తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. కిరసనాయిలు పోసి అరగంట ఆగితే తప్ప ఒక్కటీ కదల్లేదు. అంటే ఆ పలకను చాలా ఏళ్లుగా ఎవరూ విప్పలేదు. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది.

పలక తీసి మీటర్లు ఒక్కొక్కటే చూశాను. కరెంటు మీటరు, పెట్రోలు మీటరు, గడియారం, వాటి మధ్య చిన్న దీపం. మేము తెచ్చిన బ్యాటరీని నేరుగా కలపలేదు. షార్ట్ ఉన్న కారుకు నేరుగా కలిపితే తీగలు కాలిపోతాయి. బ్యాటరీకీ కారుకూ మధ్య ఒక బల్బు పెట్టాను. కారులో అన్ని స్విచ్చులూ ఆపి ఉన్నప్పుడు ఈ బల్బు వెలగకూడదు. వెలిగితే కరెంటు దొంగదారిన ఎక్కడికో పోతున్నట్టు.

బల్బు వెలగలేదు.

మీటర్లను తట్టాను, తీగలను కదిలించాను. వెలగలేదు. వకీలు గారు గడియారం చూసుకున్నారు. "ఏం లేదంటే ఏం లేదని చెప్పున్రి, అయిపోతది," అన్నారు. నేను ఆయనకు జవాబివ్వలేదు. నేను చూస్తుండగా గడియారం చూసుకునే మనిషికి ఎప్పుడూ జవాబివ్వను.

కారు నిలబడి ఉన్నప్పుడు బాగానే ఉంది. నడుస్తున్నప్పుడు పాడైంది. నడిచేటప్పుడు కదిలేవేమిటో చూడాలి. ముందు చక్రాలను జాకీ మీద లేపించి గఫూర్ భాయ్‌ను స్టీరింగు తిప్పమన్నాను. ఎడమకు మొత్తం తిప్పాడు. ఏమీ లేదు. కుడికి తిప్పాడు. చివరిదాకా వచ్చేసరికి బల్బు భగ్గున వెలిగింది. వెనక్కి తిప్పితే ఆరిపోయింది. నాలుగుసార్లు తిప్పించాను. నాలుగుసార్లూ అంతే.

స్టీరింగు కడ్డీకి ఒక ఇనుప పట్టీ, దానికి ఒక బోల్టు ఉన్నాయి. దీపాల స్విచ్చుకు కరెంటు తెచ్చే తీగ ఆ కడ్డీ పక్క నుంచే పోతుంది. కుడికి పూర్తిగా తిప్పినప్పుడు బోల్టు తల వచ్చి ఆ తీగను వెనక రేకుకు నొక్కుతోంది. అలా నొక్కీ నొక్కీ పై గుడ్డ అరిగి లోపలి రాగి బయటపడింది.

"కుడికి తిప్పితే దీపాలన్నీ ఆరుతయి," అన్నాను. "గిదే మీ షార్టు."

"కుడికే తిప్పిండు," అన్నారు రుక్మాబాయమ్మ గారు తలుపు దగ్గర నుంచి. లక్డీకాపూల్ వైపు నుంచి వస్తూ కుడికి తిరిగినప్పుడు దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయట. ఎదురుగా ఆగి ఉన్న కంకర బండి ఆయనకు కనిపించలేదు. మూడు రోజులు దవాఖానాలో ఉండి, మాట్లాడుతూ మాట్లాడుతూనే పోయారట.

ఆ పూట నా పని అక్కడితో అయిపోయింది. నలుగురి ముందు, పట్టపగలు, ఎనిమిదేళ్ల నాటి తప్పును గంటన్నరలో పట్టాను. అక్కడితో వచ్చేసి ఉంటే ఈ కాగితం రాయాల్సిన పని ఉండేది కాదు.

వకీలు గారు టార్చి వేసి లోపలికి తొంగిచూశారు. "ఈ తీగకు ఈ దారమేంది? గుడ్డపేలికలు చుట్టి పని కానిచ్చిన్రు. ఇంక షార్టు కాకపోతే ఏమైతది?" అన్నారు.

చూశాను. తీగకు రెండు చోట్ల జాయింట్లు ఉన్నాయి. దారం చుట్లు దగ్గరదగ్గరగా, పక్కపక్కన పెట్టిన వడ్లగింజల్లా ఉన్నాయి. చివర కిందకు దూర్చి ఉంది. పైన లక్క.

"అరే," అన్నాడు గఫూర్ భాయ్, "పుస్తెలతాడు! ఈశ్వరయ్యా, గిది నీదే గదనే."

నా నోరు నన్నడగలేదు. "పేలికలు అనకున్రి సార్," అన్నాను వకీలు గారితో. "గిది నా జాయింటు. నేను కట్టింది ఇప్పటిదాక ఒక్కటి ఊడలే. ఎనిమిదేండ్లాయె, లాగి చూడున్రి. కారుకు కట్టి లాగినా ఊడది."

ఆయన లాగారు కూడా. ఊడలేదు. అప్పుడు నాకు గర్వంగా ఉండిందని ఒప్పుకుంటాను.

గఫూర్ భాయ్ నెమ్మదిగా ఆ తీగ మీద వేలు నడిపించాడు. మొదటి జాయింటు, జానెడు కొత్త తీగ, రెండో జాయింటు. అరిగిన చోటు సరిగ్గా ఆ రెంటి మధ్యన ఉంది.

"ముందుగాల ఒకసారి ఇక్కడనే కాలింది," అన్నాడు. "కాలిన ముక్క తీసేసి కొత్తది ఏసిన్రు. జాయింటు కమాల్ కట్టిన్రు. కానీ ఎందుకు కాలిందో సూడలే."

అంతకంటే సరిగ్గా నేను కూడా చెప్పలేను. ఆ మిస్త్రీ ఒక్కసారి స్టీరింగు తిప్పి చూసి ఉంటే బోల్టు కనిపించేది. తీగను నాలుగు వేళ్లు పక్కకు జరిపి కట్టి ఉంటే ఒక మనిషి బతికేవాడు.

రుక్మాబాయమ్మ గారు లోపలికి వచ్చారు. "అయితే నువ్వేనా?" అని అడిగారు.

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. అప్పుడు నాకు తెలివి వచ్చింది. నేను ఆ కారును అంతకు ముందు ఎన్నడూ చూడలేదు. ఆ ఇంటి గేటు తొక్కింది ఆ ఉదయమే మొదటిసారి.

"నేను కాదమ్మా. ఈ బండి నేను ఎన్నడు ముట్టలే," అన్నాను.

"నాదే అని ఇప్పుడే గదయ్యా అన్నవు?" అన్నారు వకీలు గారు. "అమీను సాబ్, మీరూ విన్నరు గదా?"

విన్నానన్నాడు అమీను. నేను చెప్పిన వంద మాటల్లో ఆ ఒక్కటే విన్నారు. ఇప్పటికీ అదే వింటున్నారు.

రెండు జాయింట్లనూ కత్తిరించి తీశాను. ఒకదాన్ని వకీలు గారు కవరులో పెట్టుకున్నారు. రెండోదాన్ని నేను జేబులో వేసుకున్నాను. వద్దని ఎవరూ అనలేదు.

కార్ఖానాలో సేటు తేలిగ్గా తీసేశాడు. "కట్టి మర్చిపోయినవ్. దినానికి పది బండ్లు చూస్తవ్, అన్నీ యాదికుంటయా?" అన్నాడు. ఏ కారు ఎప్పుడు వచ్చిందో రాసిపెట్టే అలవాటు ఆ కార్ఖానాలో లేదు. గఫూర్ భాయ్ ఇంకా ఘోరం. "తొందరల ఉన్నప్పుడు అందరం చేస్తం భాయ్. ఫికర్ చెయ్యకు," అన్నాడు. అందరూ చేస్తారేమో. నేను చేయను. కాలిన తీగ కనిపిస్తే ఎందుకు కాలిందో చూడకుండా మూత వేసే మనిషిని కాను. అందుకే ఇంతమంది నన్ను 'ఆలస్యపు మిస్త్రీ' అని తిట్టారు.

మొదట గఫూర్ భాయ్‌నే అనుమానించాను. నా పేరు చెడగొట్టడానికి నాలాగే కట్టాడా? ఒక మధ్యాహ్నం అతని చేతికి దారమిచ్చి కట్టమన్నాను. అతను కట్టింది ఉల్లిగడ్డలా వచ్చింది. కావాలని చెడగొట్టాడేమోనని ఇంకో రెండుసార్లు కట్టించాను. మూడోసారికి దారం నా ముఖం మీద విసిరికొట్టి, "నీకు దిమాగ్ ఖరాబైంది," అని వెళ్లిపోయాడు. తర్వాత వకీలు గారిని అనుమానించాను. వదినగారి నోరు మూయించి కారు అమ్ముకోవడానికి ఎవడో ఒక మిస్త్రీ దొరికితే ఆయనకు చాలు. కానీ ముద్ర, దుమ్ము, తుప్పు పట్టిన స్క్రూలు? వాటికి నేనే సాక్షిని. నా అనుమానాలకు నా సాక్ష్యమే అడ్డం వస్తోంది.

ఇంటికి వెళ్లి ఆ జాయింటును మా అమ్మకు చూపించాను. ఉస్మాన్‌గంజ్ వెనక మాకు ఒక గది ఉండేది. అమ్మకు అప్పటికే చూపు మసక. కానీ నాయనతో పాటు ముప్పై ఏళ్లు పూసలు గుచ్చిన వేళ్లవి. ఏమీ చెప్పకుండా చేతిలో పెట్టాను. గోటితో చుట్ల మీద అటూ ఇటూ గీకి చూసింది.

"నీదే గదరా. నన్నెందుకు అడుగుతున్నవ్?" అంది.

"నాయినది కావచ్చునా?" అన్నాను. ఆయన కార్లను దూరం నుంచి చూసిన మనిషే తప్ప ఎన్నడూ ముట్టలేదు. అయినా అడిగాను.

"మీ నాయిన కుడికి తిప్పుతుండె. నువ్వూ గట్లనే తిప్పుతుంటివి మొదలు. ఇది ఎడమకు తిరిగింది. వేలు పోయినంక నీ చుట్టు మారింది గదా కొడుకా."

ఆ మాట వినగానే లేచి నిలబడ్డాను. ఇంత సూటి సంగతి నాకెందుకు తట్టలేదు!

యుద్ధం మొదలైన రెండో ఏడాది ఒక లారీ ఇంజను ఫ్యాను నా కుడిచేతి చూపుడువేలిని పట్టుకుంది. వేలు పోలేదు గానీ కణుపు దగ్గర బిగుసుకుపోయింది. అప్పటి నుంచీ అది మడతపడదు, పుల్లలా నిక్కి ఉంటుంది. ఆ వేలితో దారం కుడికి చుట్టలేను. అందుకని ఎడమ బొటనవేలితో ఎడమకు చుట్టడం అలవాటు చేసుకున్నాను. అంతకు ముందు నేను కట్టిన ప్రతి జాయింటూ కుడికి తిరిగి ఉంటుంది. తర్వాతవన్నీ ఎడమకు. ఆ కారును షెడ్డులో పెట్టి ముద్ర వేసింది యుద్ధం మొదలవక ముందు. అప్పటికి నా వేలు అందరి వేళ్లలాగే మడతపడేది. అప్పుడు నేనే కట్టి మర్చిపోయి ఉంటే, ఆ చుట్టు కుడికి ఉండాలి.

ఎడమకు ఉంది. కాబట్టి నేను కట్టలేదు. చిన్నపిల్లలకైనా అర్థమయ్యే లెక్క ఇది.

మర్నాడు మధ్యాహ్నం జాయింటు జేబులో పెట్టుకుని నాంపల్లి వెళ్లాను. వకీలు గారు కచేరీకి వెళ్లి ఉన్నారు. రుక్మాబాయమ్మ గారు వరండాలో కూర్చోమన్నారు. నేను కూర్చోలేదు. జాయింటు చూపించి, చుట్టు ఎటు తిరిగిందో చూపించి, నా వేలు ఎత్తి చూపించాను. ఎప్పుడు దెబ్బ తగిలిందో, ఏ దవాఖానాలో కట్టు కట్టారో, గఫూర్ భాయ్ ఎలా మోసుకెళ్లాడో అంతా చెప్పాను.

"మీ ఆయన ఉన్నప్పుడు నా వేలు మంచిగుండె అమ్మా. గిట్ల నిక్కి ఉండకపోతుండె. కాబట్టి అది నా చెయ్యి కాదు," అన్నాను.

ఆమె నా వేలివైపు చూశారు. తర్వాత ఇలా అన్నారు.

"ఆయన దవాఖానల చెప్పిండు మిస్త్రీ. దీపాలు ఆరుతున్నయని పదిదినాల ముందే ఆబిడ్స్‌ల చూపిచ్చిండట. నగలు అల్లినట్టు దారం కట్టిండు, ఒక వేలు మడతనే పడదు పాపం, అయినా ఎంత సక్కగ కట్టిండో అని చెప్పిండు. అతన్ని ఎవరూ ఏమనొద్దన్నడు. మొన్న నువ్వు గేటు లోపలికి రాంగనే నీ వేలు చూసిన."

నా చేతిని వెనక్కి దాచుకున్నాను. ఎందుకో తెలియదు.

"నేను నిన్ను ఏమంటలే," అన్నారామె. "ఆయన మాఫ్ చేసిండు. నేనూ చేసిన. పోయి నీ పని చేసుకో."

ఆమె లోపలికి వెళ్లిపోయారు. నేను ఎంతసేపు వరండాలో నిలబడి ఉన్నానో గుర్తులేదు. వకీలు గారు వచ్చి, "ఇంకా ఏం కావాలె?" అన్నారు. ఏం కావాలో చెప్పేలోగా తలుపు వేశారు. ఇప్పటికీ తీయలేదు.

మరిదే ఆమెకు ఈ కథ నేర్పి ఉంటాడని మొదట అనుకున్నాను. ఇప్పటికీ సగం అనుకుంటాను. కానీ షెడ్డు తాళం తీయక ముందే ఆమె "ఇన్ని దినాలకు వచ్చినవా" అన్నారు. అప్పటికి జాయింటు సంగతి ఎవరికీ తెలియదు. వకీలు గారికి నా పేరు కూడా తెలియదు. ఎవరు వస్తారో సేటుకే ఆ ఉదయం దాకా తెలియదు, ఎందుకంటే ఆ పనికి వెళ్లాల్సింది నేను కాదు. వెళ్లాల్సినవాడికి జ్వరం వచ్చింది.

ఇంకొక మిస్త్రీ ఎవడైనా ఉన్నాడేమో, వాడి వేలు కూడా అలాగే ఉందేమో అని వెతికాను. ఆబిడ్స్ నుంచి ఉస్మాన్‌గంజ్ దాకా ఒక్క కార్ఖానా వదల్లేదు. అందరి చేతులూ పట్టుకుని చూశాను. "ఏందన్నా, చెయ్యి చూసి జాతకం చెప్తవా? నా పెండ్లెప్పుడో చెప్పు," అని ఒకడు నవ్వాడు. వాడి వేళ్లు బాగానే ఉన్నాయి. దారంతో కట్టేవాడు ఎక్కడా లేడు. యుద్ధానికి ముందు పనిచేసి మానేసిన ముసలి మిస్త్రీలను కూడా అడిగాను. నీలాంటి పిచ్చివాడు నువ్వొక్కడివే అన్నారు.

ఆ తర్వాత సేటు నాకు దీపాల పని ఇవ్వడం మానేశాడు. బ్యాటరీల్లో నీళ్లు పోయమన్నాడు. పదమూడేళ్లు పనిచేసిన మనిషిని. ఆ నెలే మానేశాను. ఇప్పుడు నాంపల్లి స్టేషనుకు దగ్గరలో ఒక రేకుల షెడ్డు కిరాయికి తీసుకుని నా పని నేను చేసుకుంటున్నాను. వకీలు గారి ఇంటికి ఇక్కడి నుంచి నడిచి పది నిమిషాలు. వాళ్లకు తెలుసు.

ఒక సంగతి దాచను. దాచితే నా మిగతా మాటలకు విలువ ఉండదు. ఇప్పుడు ఏ కారుకు జాయింటు కడుతున్నా, దారం చివరను కిందకు దూర్చేటప్పుడు నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఇది ఎవరి కారు, ఇది ఏ ఏడాది అని చూసుకుంటాను. కారు యజమానిని పేరు అడుగుతాను. స్టీరింగు రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడకుండా ఏ కారునూ వదలను. జనం విసుక్కుంటారు. విసుక్కోనీ.

దయ్యాన్ని నేను ఇప్పటికీ నమ్మను. దయ్యాలకు టంకం పెట్టడం రాదు. అది మనిషి చేసిన పని. మంచి పనితనం, చెడ్డ తనిఖీ. ఆ పనితనం నాది. ఆ తనిఖీ నాది కాదు. ఆ వేలు నాది. ఆ రోజుకు ఆ వేలు లేదు. ఇవన్నీ ఒకే జాయింటులో ఎలా ఉన్నాయో నాకు తెలియదు. ఎన్నిసార్లు విప్పి చుట్టినా నాకు ముడి దొరకడం లేదు.

అందుకే ఈసారి వకీలు గారికి రాయడం లేదు, సేటుకూ రాయడం లేదు. రుక్మాబాయమ్మ గారికే అందరూ చదివేలా రాస్తున్నాను.

అమ్మా, మీరు నన్ను మాఫ్ చేశానన్నారు. నేను మిమ్మల్ని మాఫీ అడగలేదు. చేయని తప్పుకు మాఫీ ఎలా పుచ్చుకోను? దాన్ని వాపసు తీసుకోండి. వకీలు గారు దాచిన జాయింటును కవరులోంచి తీయండి, నా దగ్గరున్నదీ తెస్తాను. రెంటినీ ఒకచోట పెట్టుకుని, వకీలు గారు లేకుండా, మనం ఇద్దరమే కూర్చుందాం. దవాఖానాలో ఆయన ఆ మిస్త్రీ గురించి ఇంకేమేం చెప్పారో ఒక్క మాట వదలకుండా చెప్పండి. ముఖం ఎలా ఉంటుందన్నారు? వయసెంత అన్నారు? ఆ రోజు ఆ మిస్త్రీ స్టీరింగు తిప్పి చూడకుండా ఎందుకు వదిలేశాడో ఆయన అడిగారా? అడిగితే వాడేమన్నాడు?

నాకు ఆ మాట కావాలి. అది నా నోటి మాటో కాదో విన్నవెంటనే నేను చెప్పగలను. జవాబు ఇవ్వండి.